ఎల్లయ్యకు టికెట్టు కొనలేదు

దయ్యాలను నేను నమ్మను. కరీంనగర్ హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పి బతుకుతున్నాను. నమ్మితే ఇంక్రిమెంటు ఆపుతారని కాదు, నమ్మడానికి తీరిక దొరకలేదు. దయ్యాన్ని చూశామన్నవాళ్లను చిన్నప్పుడే విడివిడిగా పిలిచి ప్రశ్నలు వేశాను. ఒక్కరు కూడా రెండుసార్లు ఒకే దయ్యాన్ని చెప్పలేదు. అందుకని, ఇప్పుడు నేను రాసేది కూడా దయ్యం సంగతి అనుకోవద్దు. ఇది ఒక రాయి సంగతి. నిమ్మకాయ కంటే కొంచెం పెద్దది. నల్లగా ఉంటుంది, నడుమ తెల్లటి చార.

దీనికి సాక్షి మా ఆవిడ సులోచన. ఆమె నాకంటే చాలా తక్కువ మాట్లాడుతుంది కనుక ఆమె సాక్ష్యానికి విలువ ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. హైదరాబాదులో నాతో చదువుకున్న మిత్రుడొకడు పై చదువుకు ఐరోపా వెళ్లాడు. భార్యను కూడా పిలిపించుకుని, తిరిగి వచ్చే ముందు ఇద్దరూ ఊళ్లు చూస్తూ, స్విట్జర్లాండు నుంచి మాకొక బొమ్మ కార్డు పంపాడు. కార్డు మీద కొండ, కొండ మీంచి దూకే నీళ్లు. సులోచన దాన్ని మా అద్దె ఇంటి గోడకు అన్నం మెతుకులతో అంటించింది. వెనక వాడేం రాశాడో మేము మళ్లీ చదవలేకపోయాం.

ఆ నీళ్లను ఆమె రోజూ చూసేది. చూడగా చూడగా నాకు సిగ్గనిపించి, దసరా సెలవులకు ఇంకో నాలుగు రోజులు కలిపి, "మన స్విట్జర్లాండు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నది, పోదాం పా" అన్నాను. ఎనిమిది రోజుల ప్రయాణం. బాసర, నిర్మల్, అటు కుంటాల జలపాతం, తిరుగుదారిలో గోదావరి దాటి ధర్మపురి, ఇల్లు.

ఒక్క సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అప్పటికి సులోచనకు మూడో నెల. అంతకు ముందటి ఏడు ఒకటి నిలవలేదు. అందుకే అయిదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని ఆమె పట్టు. సుల్తానాబాదులో ఉన్న మా అత్తగారికి కూడా చెప్పలేదు. చెబితే గడప దాటనిచ్చేది కాదు. అడవి, నది, జలపాతం, కడుపుతో ఉన్న మనిషి పోకూడని చోట్లన్నీ వరసగా మా ప్రయాణంలో ఉన్నాయి. డాక్టరమ్మ మాత్రం, బస్సు తప్ప ఏదైనా ఎక్కవచ్చు అంది. మా జిల్లాల్లో బస్సు తప్ప ఎక్కడానికి ఏముందో ఆమె చెప్పలేదు.

మొదటి అయిదు రోజులు హాయిగా గడిచాయి. రాయవలసినవి చివరి మూడు రోజులే.

ఆరో రోజు పొద్దున నిర్మల్ నుంచి బస్సులో నేరడిగొండ దాకా, అక్కడి నుంచి ఒక బండి మాట్లాడుకుని కుంటాల వెళ్లాం. జలపాతం దగ్గరికి దారి చూపడానికి ఊళ్లో భీమయ్య అనే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. చేతిలో గొడ్డలి, నెత్తికి తువ్వాల. అడవి మొదట్లో నిలువునా చీలిన పెద్ద బండ ఒకటి ఉంది. అక్కడ ఆగి మమ్మల్ని చూశాడు.

"ముగ్గురం అయితున్నం సారు. ముగ్గురు పోవద్దు" అన్నాడు.

ఈ పట్టింపు మా ఇళ్లలోనూ ఉన్నదే. ముగ్గురు కలిసి పనిమీద బయలుదేరాల్సి వస్తే ఒక రాయిని చేతిలో పట్టుకుని నలుగురమని లెక్క చెప్పుకుంటారు. భీమయ్య చీలిన బండ మొదట్లోంచి రాయి తీసి నా చేతిలో పెట్టాడు. "గిది నాలుగో మనిషి. దిగి వచ్చినంక మళ్ల దీని జాగల దీన్ని పెట్టాలె."

"ఈయన పేరేంది?" అని అడిగాను.

"రాయికి పేరేంది సారు?"

పేరు తెలియని మనిషిని అడవిలోకి తీసుకుపోవడం మర్యాద కాదని, ఎల్లయ్య అని నేనే పెట్టాను. దారి పొడుగునా "ఎల్లన్నా, ముల్లున్నది, జర పైలం" అంటూ నడిచాను. సులోచన నవ్వింది. భీమయ్య నవ్వలేదు. చదువుకున్నవాళ్లను చాలామందిని చూసినట్టున్నాడు.

జలపాతం గురించి నేను చెప్పేది లేదు. కార్డు మీది దానికి ఏమాత్రం తీసిపోదు, పైగా మోత కూడా ఉంది. సులోచన చాలాసేపు చూసింది. తడి బండల మీద దిగేటప్పుడు ఆమె కాలు ఒకసారి జారింది. నిలదొక్కుకుంది. పక్కనే భీమయ్య పట్టుకున్నాడనుకున్నాను.

తిరిగి వచ్చాక చీలిన బండ దగ్గర భీమయ్య చెయ్యి చాపాడు. ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి నాకిప్పటికీ మొహం చెల్లదు. నల్లరాతిలో ఆ తెల్లచార నాకు ఎంతో నచ్చింది. బడిలో పిల్లలకు చూపించడానికి దారిలో అప్పటికే మూడు రకాల రాళ్లు ఏరి ఉన్నాను. ఇది నాలుగోది. ఎల్లయ్యను కోటు జేబులోకి జారవిడిచి, ఆ మూడూ కాక దారిలో ఊరికే ఏరిన మామూలు గులకరాయి ఒకటి భీమయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒక క్షణం పట్టుకుని, బండ మొదట్లో పెట్టి, "వచ్చినవ్, తోడిచ్చినవ్, ఇగ నీ జాగల నువ్వుండు" అన్నాడు.

ఆ సాయంత్రం నిర్మల్‌లో మేము దిగిన ముసాఫిర్‌ఖానా గదిలో రాళ్ల మీద వరస నంబర్లు వేశాను. తెల్లచార మీద చెరగని నల్ల సిరాతో 4 అని రాశాను.

మర్నాడు పొద్దున ఖానాపూర్ మీదుగా పోయే బస్సు ఎక్కాం. ముగ్గురు కూర్చునే సీటు. కిటికీ పక్కన నేను, నా పక్కన సులోచన, ఆమెకు అటు పక్కన ఖాళీ. కండక్టరు వచ్చి, "మూడు గదా?" అన్నాడు. రెండు అన్నాను. వాడు ఖాళీ వైపు ఒకసారి చూసి రెండు చింపి ఇచ్చాడు.

ఖానాపూర్‌లో సంత రోజనుకుంటాను, బస్సు నిండిపోయింది. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ నిలబడ్డారు. ఆ ఖాళీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఒక ముసలాయన మూట నెత్తిన పెట్టుకుని పక్కనే ఊగుతుంటే నేనే చెప్పాను, "కూసో తాతా, జాగ ఉన్నది గదా" అని.

"గాయన లేసినంక కూసుంట బిడ్డా" అన్నాడు.

ఆయనకు చూపు ఆనదనుకున్నాను. ఆనకపోతే లేనిది ఎలా కనపడుతుందన్న ప్రశ్న తర్వాత తట్టింది. సులోచన నా వైపుకు జరిగింది. కాసేపటికి ఇంకా జరిగింది. "అటుదిక్కు చోటు ఉన్నది గదా" అంటే, "నన్ను జరుపుతున్నరు" అంది. ఎవరన్నది చెప్పలేదు.

లక్షెట్టిపేట ఇంకా అరగంట ఉందనగా ఆమెకు కడుపులో నొప్పి మొదలయింది. ముందటి ఏడు కూడా ఇలాగే మొదలయింది. అప్పుడు నేను ఏవో జోకులు వేసి ధైర్యం చెప్పాను. ఈసారి నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

లక్షెట్టిపేటలో దిగి సర్కారు దవాఖానాకు వెళ్లాం. డాక్టరు నిదానస్తుడు. చూసి, మందిచ్చి, ఇప్పటికైతే నిలిచే ఉంది, ఇంకో రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేను అన్నాడు. కదలకుండా పడుకోవాలి. బస్సు మాట ఎత్తవద్దు. ధర్మపురిలో సులోచన పెద్దమ్మ ఇల్లు ఉందని చెబితే, తెల్లవారాక నెమ్మదిగా బండిలో నది దాకా పోయి పడవ ఎక్కించండి, పడవకు గుంతలుండవు అన్నాడు. ఆ పూటకు లోపల ఒక మంచం ఇచ్చారు.

మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని ఉంటే నర్సమ్మ వచ్చింది. "బయట బల్ల మీద కూసున్నాయనకు జర చెప్పుండ్రి సారు. మాటిమాటికి లోపటికి తొంగిచూస్తుండు. ఆడోళ్ల వార్డు గిది."

బయటకు వెళ్లి చూశాను. పొడవాటి వసారా, ఖాళీ బల్ల. తిరిగి వచ్చి, ఆయన ఎలా ఉంటాడని అడిగాను.

"మీ ఎంట వచ్చినాయన ఎట్లుంటడో నన్నడుగుతున్నరా?" అని ఆమె నా మొహం చూసి, మందుల అలమర వైపు వెళ్లిపోయింది.

సులోచన పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. "ఇగో, నిన్న నేను జారినప్పుడు మోచెయ్యి పట్టుకున్నది మీరేనా?" అంది.

"కాదు. భీమయ్య."

"భీమయ్య ముంగట ఉండె. కొమ్మలు కొడుతుండె."

అప్పుడు నేను కోటు జేబులోంచి రాయి తీసి చూపించాను. గులకరాయి మార్చిన సంగతి కూడా చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. లెక్క పెట్టుకుంటున్నట్టు వేళ్లు ముడిచింది.

"మనం ఆనాడు ముగ్గురం కాదు" అంది. "భీమయ్యకు మనం చెప్పలే. నల్గురమే ఉంటిమి."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చెయ్యి కడుపు మీద ఉంది.

"నాలుగో జాగల మనిషి అప్పటికే ఉన్నడు. మీరు గా జాగకే ఇంకొకల్ని పిలిచి, పేరు వెట్టి, ఇంటికి తోల్కపోతున్నరు. ఇద్దరికి ఒక్క జాగ ఎట్ల సరిపోతది?"

నేను సైన్సు టీచర్ని. ఆమెకు చెప్పదగిన జవాబులు నా దగ్గర కనీసం అయిదు ఉన్నాయి. అయిదూ మంచివే. అయిదింటినీ పక్కన పెట్టి, రాయిని ఎలా తిరిగి చేర్చాలో ఆలోచించాను.

రాయిని దాని చోటికి తీసుకుపోవాలంటే మళ్లీ కుంటాల వెళ్లాలి. ఆమెను ఒంటరిగా ఆ మంచం మీద వదిలి రెండు రోజులు పోలేను. వెంట తీసుకుపోలేను. దవాఖానా గోడ అవతల పారేద్దామని ఒకసారి లేచాను. "ఆడ వద్దు" అంది సులోచన. "ఈడనే బల్ల మీద కూసుంటడు." ఆ రాత్రి గురించి రాయడానికేమీ లేదు. ఇద్దరం నిద్ర పోలేదు, అంతే.

ఎనిమిదో రోజు, మా ప్రయాణంలో ఆఖరు రోజు. గడ్డి పరిచిన బండిలో సులోచనను పడుకోబెట్టి, ఎద్దులను నడిపించినట్టు కాక బతిమాలినట్టు తోలించి, నది ఒడ్డుకు చేరేసరికి బాగా పొద్దెక్కింది. నొప్పి తగ్గలేదు. వానలు పోయి నెల కాలేదు, గోదావరి ఇంకా నిండుగా ఉంది. పడవ సిద్ధంగా ఉంది. అప్పటికే ఆరుగురు కూర్చున్నారు. అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక లావుపాటి మిర్చి వ్యాపారి. సులోచనను ఎత్తి కూర్చోబెట్టి నేనూ ఎక్కాను. ఎనమండుగురం.

పడవ ముసలాయన గడ చేతపట్టుకుని వంగి పక్కకు చూశాడు. "తొమ్మండుగురైండ్రు. నది మంచిగ లేదు. ఎనమండుగురి మీద ఎక్కియ్య. ఒక్కలు దిగుండ్రి" అన్నాడు.

"మళ్ల లెక్కపెట్టు తాతా. ఎనమండుగురమే ఉన్నం" అన్నాను.

"నేను మనుషులను లెక్కపెట్ట సారు. గీతను చూస్త."

పడవ పక్కన బయటివైపు తారుతో గీసిన గీత ఉంది. ఎనమండుగురు ఎక్కితే నీళ్లు ఆ గీతకు రెండు వేళ్లు కింద ఉంటాయట. తొమ్మిదో మనిషి ఎక్కితే గీత మునుగుతుంది. ఏళ్ల తరబడి ఆయనకు అదే లెక్క. నేను వంగి చూశాను. గీత మునిగి ఉంది.

"షావుకారు ఇద్దరి లెక్క తాతా" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. "నిన్న గూడ గీ షావుకారే ఎక్కిండు, నిన్న మునగలే" అన్నాడు ముసలాయన. మూటలు దింపించాడు. మా ట్రంకు పెట్టె దింపించాడు. గీత కొంచెం కూడా తేలలేదు. నవ్వు ఆగిపోయింది.

"ఎవలో ఒకలు దిగాలె" అన్నాడు.

సులోచన నన్ను చూసింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఉంది. "ఎవల్ని దించుతరు?" అంది, నాకు మాత్రమే వినపడేటట్టు.

నేను దిగాను. మోకాళ్లలోతు నీళ్లలో నడిచి ఒడ్డు ఎక్కాను. పడవలోని జనం చూస్తుండగా కోటు జేబులోంచి రాయి తీసి, ఒక రేగుచెట్టు మొదట్లో నీళ్లు అందనంత ఎత్తున పెట్టాను. నా పద్ధతి ప్రకారమైతే అక్కడికి పని అయిపోవాలి. కాని నా నోటితో పేరు పెట్టి పిలిచినవాణ్ణి నా నోటితోనే సాగనంపాలనిపించింది.

"ఎల్లన్నా" అన్నాను. "వచ్చినవ్, తోడిచ్చినవ్. ఇగ నీ జాగల నువ్వుండు. నాదే తప్పు."

వెనక్కి వచ్చి ఎక్కాను. మూటలు, ట్రంకు కూడా ఎక్కించారు. ముసలాయన వంగి చూసి గడ వేశాడు. నేనూ చూశాను. తారు గీత నీళ్లకు రెండు వేళ్లు పైన ఉంది.

నీళ్లలో వస్తువులు ఎందుకు తేలతాయో ఎనిమిదో తరగతికి ఏటా చెబుతాను. దిగేటప్పుడు నా బరువెంతో ఎక్కేటప్పుడూ అంతే. తేడా నిమ్మకాయంత రాయి. నిమ్మకాయంత రాయికి అంత పడవ అంతగా లొంగకూడదు. ఆ పాఠం వచ్చినప్పుడు ఇప్పటికీ నేను బోర్డు వైపు తిరిగి చెబుతాను.

నది నడుమకు వచ్చాక సులోచన, "వెనకకు చూడకుండ్రి" అంది. చూడలేదు. అవతలి ఒడ్డు చేరేలోపల ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నొప్పి తగ్గితే తప్ప మనిషి అలా నిద్రపోడు. డాక్టరు ఇచ్చిన మందు పనిచేసిందని నేను ఎవరడిగినా ఒప్పుకుంటాను.

ధర్మపురిలో పెద్దమ్మకు సంగతి చెప్పక తప్పలేదు. ఆమె నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవే. ఎండాకాలం మొదట్లో మాకు కూతురు పుట్టింది. అరుణ అని పేరు పెట్టాం. ఈసారి పేరు పెట్టే పని సులోచనకే వదిలేశాను.

అరుణకు నాలుగేళ్లు నిండిన దసరాకు, మళ్లీ కుంటాల పోవాలని సులోచనే అంది. "భీమయ్యకు చెప్పాలె గదా" అంది. వెళ్లాం. భీమయ్య జుట్టు తెల్లబడింది. గొడ్డలి మాత్రం అదే. చీలిన బండ దాకా నడుస్తూ నేను రాయి మార్చిన సంగతి ఒప్పుకున్నాను.

"నాకు ఎరుకనే సారు" అన్నాడు. "పొద్దంత చేతిల పట్టుకున్న రాయి వెచ్చగుంటది. మీరిచ్చింది సల్లగుండె."

"మరి అప్పుడే అడగకపోతివి?"

"సదువుకున్నోళ్లు. ఏందో పని ఉంటదనుకున్న."

ఆనాడు మేము నలుగురమన్న సంగతి సులోచన చెప్పింది. ఆయన గొడ్డలి భుజం మార్చుకున్నాడు. "గా ముచ్చట ముందే చెప్పొద్దా అమ్మా" అని మాత్రం అన్నాడు.

ఈలోపల అరుణ చీలిన బండ మొదట్లో కూర్చుని ఏదో చేతిలోకి తీసుకుంది. నల్లటి రాయి. నడుమ తెల్లటి చార. అలాంటి రాళ్లు అడవిలో వెయ్యి ఉంటాయి, ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు. వంగి చూశాను. చార మీద వెలిసిపోయిన నల్ల సిరాతో 4 అని ఉంది. నాలుగు రాసేటప్పుడు నేను చివరి గీతను కిందికి మరీ పొడుగ్గా లాగుతాను. అదీ అలాగే ఉంది.

దీన్ని ఎవరైనా తెచ్చిపెట్టారా అని భీమయ్యను అడిగాను. "ఎవలు తెస్తరు సారు?" అన్నాడు. నేనది వదిలిన ఒడ్డుకూ ఈ బండకూ నడుమ డెబ్బై ఎనభై మైళ్లు ఉంటుంది.

అరుణ రాయిని నాకివ్వబోయింది. నా చెయ్యి ముందుకు పోలేదు.

"ఆడనే పెట్టు బిడ్డా" అంది సులోచన. "గాయన ఇంటికి వచ్చిండు."

అరుణ రాయిని పెట్టేసింది. జలపాతం దగ్గరికి దిగేముందు భీమయ్య ఎప్పటిలాగే మమ్మల్ని లెక్క చూసుకున్నాడు. నేను, సులోచన, అరుణ, ఆయన. రాయి కోసం వంగలేదు.

ఎల్లయ్య నా కూతురి చోటు కోసం వెంట వచ్చాడో, జారిన మనిషిని నది దాకా దిగబెట్టి పోదామని వచ్చాడో మేమిద్దరం ఇప్పటికీ తేల్చుకోలేదు. నేను మొదటిది అంటాను, సులోచన రెండోది అంటుంది. ఆ రెండింటిలో ఏదైనా జరగడం అసాధ్యమన్నది మాత్రం ఇద్దరమూ ఒప్పుకున్నాం. తారు గీతకు, సిరా నాలుగుకు నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం నేరడిగొండలో బస్సెక్కితే కండక్టరు మా సీటు వైపు చూశాడు. ఎన్ని అన్నది ఈసారి నేను ముందుగా చెప్పలేదు. రెండున్నర టికెట్లు చింపి ఇచ్చి ముందుకు వెళ్లాడు.